గేమ్ మాస్టర్ సరంజామా

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటకు బోర్డు ఉండి తీరాలని లేదు, గెలుపోటములు తేలాలనీ లేదు. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒక్కొక్కరు ఒక్కో పాత్ర తీసుకుంటారు. ఆ పాత్ర ఏం మాట్లాడాలో, ఏం చేయాలో ఆ ఆటగాడే చెబుతాడు. మిగిలిన లోకమంతా, అంటే ఊరు, వాన, వీధిలో ఎదురయ్యే మనుషులు, అడ్డుపడే శత్రువులు, ఒకరి చేతిలో ఉంటాయి. ఆ ఒకరే గేమ్ మాస్టర్. ఫలితం ఎటు తిరుగుతుందో తెలియనిచోట డైస్ వేసి తేల్చుకుంటారు. మూడు నాలుగు గంటలు సాగే ఒక్కో విడతను సెషన్ అంటారు. ఆ సెషన్‌కు ముందు గేమ్ మాస్టర్ ఏమేమి సిద్ధం చేసుకుంటాడు, అందుకు ఏ వస్తువులు, ఏ పద్ధతులు బాగా పనికొస్తాయి అన్నది ఈ ప్రసంగంలో విషయం.

గేమ్ మాస్టర్ అనే ఈ మధ్యవర్తి పాత్ర సైనిక శిక్షణ నుంచి వచ్చింది. 1824లో ప్రష్యా సైన్యంలోని రైస్విట్జ్ అనే అధికారి క్రీగ్‌స్పీల్ అనే యుద్ధ క్రీడకు నియమాలు ప్రచురించాడు. రెండు పక్షాలూ తమ ఆజ్ఞలను కాగితం మీద రాసి మధ్యవర్తికి ఇచ్చేవి. యుద్ధరంగం మొత్తం కనిపించేది అతనికి ఒక్కడికే. 1876లో వెర్దీ దు వెర్నువా అనే మరో ప్రష్యా అధికారి పట్టికలను, పాచికలను పక్కన పెట్టి, తీర్పును మధ్యవర్తి అనుభవానికే వదిలేశాడు. 1969లో అమెరికాలో డేవిడ్ వెస్లీ నడిపిన బ్రౌన్‌స్టైన్ ఆటలో ఆటగాళ్లు సైన్యాలను కాక మనుషులను నడిపారు. ఒకరు మేయర్ అయితే ఇంకొకరికి మరో పాత్ర. ఆ బాటలోనే డేవ్ ఆర్నెసన్, గ్యారీ గైగాక్స్ కలిసి రూపొందించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో అచ్చయింది. తొలి ముద్రణ వెయ్యి పెట్టెలు. 1979లో వెలువడిన డంజన్ మాస్టర్స్ గైడ్ ఆట నడిపేవారి కోసమే రాసిన లావుపాటి పుస్తకం. అందులో పట్టికలకు లెక్కలేదు.

ఇదంతా ఎక్కడో జరిగినట్టు అనిపిస్తుంది కానీ, గేమ్ మాస్టర్ వాడే సామగ్రిలో సగం హైదరాబాద్ కృష్ణానగర్‌లో రోజూ చేతులు మారుతూనే ఉంటుంది. ఒకవైపు అమీర్‌పేటలో సారథి స్టూడియో, మరోవైపు బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియో ఉండటం వల్ల సినిమా పనివాళ్లు ఈ సందుల్లో గదులు అద్దెకు తీసుకుని స్థిరపడ్డారు. జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, కాస్ట్యూమ్ వాళ్లు, మేకప్ వాళ్లు, అవకాశం కోసం ఎదురుచూసే అసిస్టెంట్ డైరెక్టర్లు అందరూ ఇక్కడివాళ్లే. 2008లో పూరి జగన్నాథ్ తీసిన ‘నేనింతే’ ఈ లోకం గురించే. ఇక్కడి గదుల్లో కథా చర్చలు నడుస్తాయి. కథను సీన్ల వరసగా, అంటే వన్‌లైన్ ఆర్డర్‌గా, రాసుకుంటారు. సీన్ పేపర్లు ప్యాడ్‌కు క్లిప్ పెట్టుకుంటారు. ఏ సీనుకు ఏ వస్తువు కావాలో ప్రాపర్టీస్ లిస్టు వేస్తారు. నిన్నటి షాట్‌లో చొక్కా గుండీ పెట్టి ఉందో విప్పి ఉందో కంటిన్యుటీ రాసిపెడతారు.

గేమ్ మాస్టర్‌కూ ఇవన్నీ కావాలి, ఒక్క వన్‌లైన్ ఆర్డర్ తప్ప. సినిమాలో హీరో రాసినట్టు నడుస్తాడు. ఆటలో హీరోలు నలుగురు, నలుగురూ ఎవరి బుద్ధికి తోచినట్టు వాళ్లు నడుస్తారు. మొదటి సీను నుంచి శుభం కార్డు దాకా వరసగా రాసుకున్న గేమ్ మాస్టర్‌కు అరగంట గడిచేసరికి చేతిలో కాగితాలు మిగులుతాయి, కథ మాత్రం వేరే సందులోకి వెళ్లిపోతుంది. అప్పుడు ఆటగాళ్లను బలవంతంగా తన సీన్లలోకి లాక్కురావాలనిపిస్తుంది. ఆట చచ్చిపోయేది అక్కడే. కథను కాక పరిస్థితిని సిద్ధం చేసుకోవాలని జస్టిన్ అలెగ్జాండర్ వంటి అనుభవజ్ఞులు ఏళ్లుగా చెబుతున్నది ఇందుకే. కాబట్టి ఏ పనిముట్టు మంచిదో తేల్చడానికి ఒకే పరీక్ష: ఆటగాళ్లు ఊహించని దారి పట్టినప్పుడు అది పనికొస్తుందా, లేదా?

ఒక ఉదాహరణ తీసుకుంటే విషయం తేలిగ్గా అందుతుంది. ఆట కృష్ణానగర్‌లోనే ఒక రాత్రి జరుగుతుందనుకుందాం. రెండు రోజుల్లో విడుదల కావలసిన చిన్న సినిమా హార్డ్ డిస్క్ ఎడిటింగ్ గది నుంచి మాయమైంది. ఆటగాళ్ల పాత్రలు నాలుగు: ఒక అసిస్టెంట్ డైరెక్టర్, ఒక లైట్‌మన్, ఒక మేకప్ ఆవిడ, ఒక జూనియర్ ఆర్టిస్టు. డిస్క్ తీసింది అసిస్టెంట్ ఎడిటర్. నాలుగు నెలలుగా జీతం రాకపోవడంతో దాన్ని తాకట్టుగా పెట్టుకుందామని కాస్ట్యూమ్ గోడౌన్‌లో ఒక ట్రంకు పెట్టెలో దాచాడు. ఆటగాళ్లు అతన్ని పట్టిస్తారా, అతని జీతం కోసం నిర్మాతతో పోట్లాడతారా, డిస్క్‌ను తామే దాచేస్తారా అన్నది గేమ్ మాస్టర్ రాయడు. అది వాళ్ల వంతు.

ఈ పనికి అన్నిటికన్నా నమ్మకమైన పనిముట్టు పోస్టు కార్డంత అట్టముక్కల కట్ట. ఒక్కో కార్డు మీద ఒక్కో మనిషి, ఒక్కో చోటు, లేదా ఒక్కో రహస్యం రాస్తారు. నోట్‌బుక్‌లో పేజీల వరస మార్చలేము. కార్డులను బల్ల మీద పరిచి, ఆటగాళ్లు ఎటు వెళితే ఆ కార్డు పైకి తీసుకోవచ్చు. వాడనిది పెట్టెలోకి వెళ్లి వచ్చే సెషన్‌కు పనికొస్తుంది. కార్డు చిన్నదిగా ఉండటం కూడా మేలే. మూడు నాలుగు వరసల కన్నా ఎక్కువ పట్టదు కాబట్టి, బల్ల దగ్గర చదవలేనంత వర్ణన రాసే అవకాశమే ఉండదు.

మనిషి కార్డు మీద మూడు సంగతులు చాలు: పేరు, చూడగానే గుర్తుండే ఒక అలవాటు, అతనికి కావలసినది. ఎడిటింగ్ గది వాచ్‌మన్ కార్డు ఇలా ఉండవచ్చు: యాదగిరి, మాట్లాడుతూ తాళాలగుత్తి వేలికి తిప్పుతుంటాడు, కొడుకుని ఒక్కసారైనా తెర మీద చూడాలని కోరిక. ఇందులో ఎక్కువ పని చేసేది మూడో మాటే. జూనియర్ ఆర్టిస్టు పాత్ర వేస్తున్న ఆటగాడు వాచ్‌మన్‌ను బెదిరించవచ్చు, బతిమాలవచ్చు, కొడుక్కి వేషం ఇప్పిస్తానని ఆశపెట్టవచ్చు. కోరిక తెలిసి ఉంటే ఏ మాటకు యాదగిరి ఎలా స్పందిస్తాడో గేమ్ మాస్టర్ అప్పటికప్పుడు చెప్పగలడు. సంభాషణలు ముందే రాసిపెట్టుకుంటే ఈ సౌలభ్యం పోతుంది.

పేర్ల జాబితా ఇంతకన్నా చిన్న పనిముట్టు, కానీ అది లేనినాడు తెలుస్తుంది దాని విలువ. ఆటగాళ్లు ఎప్పుడూ అనుకోని మనిషినే పలకరిస్తారు. టీ కొట్టు యజమాని పేరేమిటని అడిగితే గేమ్ మాస్టర్ తడబడకూడదు. తడబడితే ఆ మనిషి అప్పటికప్పుడు పుట్టాడని అందరికీ తెలిసిపోతుంది. ముందుగా ఇరవై పేర్లు రాసుకుని, వాడినప్పుడల్లా ఒకటి కొట్టేస్తూ పోవాలి. కృష్ణానగర్ ఆటకైతే పేరు పక్కనే ఊరు కూడా రాయడం మంచిది. గోదావరి జిల్లాల నుంచి, నల్లగొండ నుంచి, కడప నుంచి, శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లు ఒకే మేడలో అద్దెకుండే చోటు అది. ఊరు తెలిస్తే యాస వస్తుంది, యాస వస్తే మనిషి కళ్ల ముందు నిలబడతాడు.

రహస్యాల జాబితాకు ప్రాచుర్యం తెచ్చినవాడు మైక్ షే. 2018లో వచ్చిన ‘రిటర్న్ ఆఫ్ ద లేజీ డంజన్ మాస్టర్’ పుస్తకంలో ఆయన సెషన్ సన్నాహాన్ని ఎనిమిది మెట్లుగా విడగొట్టాడు. పాత్రలను ఒకసారి గుర్తు చేసుకోవడంతో మొదలుపెట్టి, ఆసక్తికరమైన ఎత్తుగడ, జరగడానికి వీలున్న సన్నివేశాలు, రహస్యాలు, చోట్లు, మనుషులు, శత్రువులు, బహుమానాల దాకా సాగుతుంది ఆ పద్ధతి. రహస్యాలు పది రాసుకోమంటాడు ఆయన. అవి ఎక్కడ, ఎవరి ద్వారా బయటపడతాయో మాత్రం రాయొద్దంటాడు. ‘అసిస్టెంట్ ఎడిటర్‌కు నాలుగు నెలల జీతం బాకీ’ అన్న సంగతి టీ కొట్టు దగ్గర తెలియవచ్చు, మేకప్ గదిలో తెలియవచ్చు, యాదగిరి నోట రావచ్చు. ఆటగాళ్లు ఏ తలుపు తట్టినా లోపల చెప్పడానికి ఒక సంగతి ఉంటుంది. సన్నాహం తక్కువగా, ఫలితం ఎక్కువగా ఉండే పద్ధతుల్లో దీన్ని మించినది దొరకడం కష్టం.

పరిశోధన కథలకు దీనికి తోడు మరో సూత్రం ఉంది. ఆటగాళ్లు ఏదైనా ఒక నిర్ధారణకు రావాలంటే దానికి కనీసం మూడు ఆధారాలు పెట్టాలని అలెగ్జాండర్ ప్రతిపాదించాడు. ఒకటి వాళ్ల కంట పడదు, రెండోదాన్ని తప్పుగా అర్థం చేసుకుంటారు, మూడోది పట్టుకుంటారు. డిస్క్ గోడౌన్‌లో ఉందని తెలియాలంటే, ఎడిటింగ్ గది రిజిస్టర్‌లో రాత్రి ఎనిమిదింటికి కాస్ట్యూమ్ కుర్రాడి సంతకం ఉండాలి; గోడౌన్ తాళంచెవి కొక్కేనికి లేకుండా పోయి ఉండాలి; అసిస్టెంట్ ఎడిటర్ ట్రంకు మోసుకెళ్లడం టీ కొట్టు యజమాని చూసి ఉండాలి. ఒక్క ఆధారం మీదే కథ నిలబెట్టి, అది దొరకడానికి డైస్ వేయమంటే, డైస్ బాగా పడని రోజున ఆట అక్కడే ఆగిపోతుంది. ఈ చిక్కును తప్పించడానికే రాబిన్ లాస్ రూపొందించిన గమ్‌షూ పద్ధతిలో ముఖ్యమైన ఆధారాలు సరైన చోట వెతికితే డైస్ లేకుండానే దొరుకుతాయి.

ఆధారం చేతికి తగిలే వస్తువైతే ఇంకా బాగుంటుంది. 1981లో వచ్చిన కాల్ ఆఫ్ క్తుల్హు ఆట నుంచి ఉత్తరాలు, పత్రికల కత్తిరింపులు ఆటగాళ్ల చేతికివ్వడం బాగా అలవాటైంది. రిజిస్టర్ పేజీని ఒక గీతల కాగితం మీద నాలుగు రకాల చేతిరాతలతో రాసి, ఒక మూల టీ మరక చేసి ఇస్తే చాలు. నలుగురూ తలలు దగ్గరపెట్టి ఆ పేజీ చదువుతారు. వరసల మధ్య లేని అర్థాలు కూడా తీస్తారు. అప్పుడు గేమ్ మాస్టర్‌కు కాసేపు మాట్లాడే పనే ఉండదు.

కాలాన్ని చూపించడానికి వాడేది గడియారం బొమ్మ. కాగితం మీద వృత్తం గీసి ఆరు ముక్కలు చేస్తారు. విన్సెంట్ బేకర్, మెగీ బేకర్ దంపతుల అపోకలిప్స్ వరల్డ్‌లో 2010లో ఇది కనిపించింది. జాన్ హార్పర్ రాసిన బ్లేడ్స్ ఇన్ ద డార్క్ 2017లో పుస్తకంగా వచ్చాక బాగా వ్యాపించింది. ఆటగాళ్లు సమయం వృథా చేసినప్పుడో, ప్రయత్నం బెడిసికొట్టినప్పుడో ఒక ముక్కలో రంగు నింపుతారు. మన కథలో రెండో ముక్క నిండితే నిర్మాత మేనేజర్ ఫోన్లు మొదలవుతాయి. నాలుగోది నిండితే ఫైనాన్షియర్ మనుషులు సందులోకి వస్తారు. ఆరోది నిండితే కాస్ట్యూమ్స్ వ్యాన్ రాజమండ్రి అవుట్‌డోర్‌కు బయలుదేరుతుంది, ట్రంకు పెట్టె కూడా దానితోనే పోతుంది. ఈ బొమ్మను దాచకుండా బల్ల మధ్యలో పెట్టాలి. నాలుగో ముక్క నిండుతుంటే చూసిన ఆటగాళ్లను తొందరపెట్టనక్కర్లేదు.

పటాలు రెండు రకాలు. తిరగడానికి ఒకటి, కొట్లాటకు ఒకటి. తిరగడానికి కొలతలు అక్కర్లేదు. యూసుఫ్‌గూడ, ఇందిరానగర్, శ్రీనగర్ కాలనీ, అమీర్‌పేట అని సున్నాలు చుట్టి, గీతలతో కలిపి, గీత మీద ‘నడిస్తే పావుగంట’ అని రాస్తే సరిపోతుంది. గోడౌన్‌లో తోపులాట మొదలైతే మాత్రం ఎవరు ఎక్కడున్నారో తెలియాలి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ వంటి ఆటల్లో ఒక అంగుళం గడిని అయిదు అడుగులుగా లెక్కిస్తారు. విదేశాల్లో ఇందుకోసం తుడిచి రాసుకునే చాపలు అమ్ముతారు. అంగుళం గళ్లు గీసిన చార్టును జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించి, వైట్‌బోర్డు మార్కర్‌తో గీసుకుంటే అదే పని జరుగుతుంది. పాత్రలకు క్యారమ్ కాయిన్లు, చొక్కా గుండీలు చాలు. బొమ్మలు అందంగా ఉంటాయి కానీ, అవి లేక ఆట ఆగింది లేదు.

డైస్ సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. నాలుగు, ఆరు, ఎనిమిది, పది, పన్నెండు, ఇరవై ముఖాలవి ఒక సెట్టుగా వస్తాయి. గేమ్ మాస్టర్ వీటిని ఆట మధ్యలోనే కాదు, సన్నాహంలోనూ వాడతాడు, యాదృచ్ఛిక పట్టికల కోసం, అంటే పడిన అంకెను బట్టి ఏం జరుగుతుందో చెప్పే జాబితాల కోసం. ఇక్కడ లెక్క తెలియడం ముఖ్యం. ఇరవై ముఖాల డైస్‌లో ప్రతి అంకె పడే అవకాశం సమానం, నూటికి అయిదు. రెండు ఆరు ముఖాల డైస్ కలిపి వేస్తే ముప్ఫై ఆరు రకాలుగా పడవచ్చు. వాటిలో మొత్తం ఏడు వచ్చే తీరులు ఆరు. రెండు, పన్నెండు వచ్చే తీరులు ఒక్కొక్కటే. అష్టాచెమ్మా ఆడినవారికి ఇది అనుభవమే. గవ్వ ఎటైనా సమానంగా పడుతుందనుకుంటే, నాలుగు గవ్వలు పదహారు రకాలుగా పడవచ్చు. వాటిలో రెండు వెల్లకిలా, రెండు బోర్లా పడే తీరులు ఆరైతే, నాలుగూ ఒకే వైపు పడే తీరులు రెండే. అందుకే అష్టా, చెమ్మా పడితే అంత సంబరం.

కృష్ణానగర్ రాత్రికి పట్టిక వేసేటప్పుడు ఈ లెక్కనే అనుసరించాలి. ఏడు పడితే రోజూ జరిగేది: టీ కొట్టు దగ్గర రేపటి కాల్‌షీట్ కోసం ఎదురుచూసే గుంపు. ఆరు, ఎనిమిది దగ్గర షూటింగ్ నుంచి తిరిగొచ్చే యూనిట్ బస్సు, గస్తీ తిరిగే పోలీసు జీపు. రెండు పడితే వీధి మొత్తం కరెంటు పోతుంది. పన్నెండు పడితే పేరున్న హీరో కారు ఆ సందులోకి వచ్చి ఇరుక్కుపోతుంది, ఇరవై నిమిషాల్లో అడుగు వేసే చోటుండదు. ఇలా వేస్తే అరుదైనది అరుదుగానే వస్తుంది, ఊరు ఊరిలాగే ఉంటుంది. పట్టికలోని ప్రతి వరసలోనూ ఆటగాళ్లు వాడుకోదగ్గదో, తప్పించుకోవలసినదో ఏదో ఒకటి ఉండాలి. ‘చల్లగాలి వీస్తోంది’ అన్న వరస వల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

గేమ్ మాస్టర్ ముందు నిలబెట్టే తెరను 1977లో జడ్జెస్ గిల్డ్ సంస్థ అమ్మకానికి తెచ్చింది. రెండు ఫైలు అట్టలు కలిపి అతికిస్తే తెర సిద్ధం. కాగితాలను దాచడం దాని చిన్న ఉపయోగం. లోపలి వైపు అంటించుకునే పట్టీలే అసలు ఉపయోగం. పేర్ల జాబితా, ఈ పట్టిక, తరచూ అవసరమయ్యే నియమాలు అక్కడుండాలి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో ఎడిషన్‌లో తేలిక పనికి 10, మధ్యస్థానికి 15, కష్టమైనదానికి 20 కనీసం రావాలన్న అంకెలు అలాంటివి. ఈ ఆట మౌలిక నియమాలను, ఎస్ఆర్‌డీ 5.1 పేరుతో, 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద విడుదల చేశారు. మూలాన్ని పేర్కొంటే వాటిని ఎవరైనా అనువదించుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు. తెలుగులో నియమాల పట్టీలు తయారు చేసుకోవడానికి చట్టపరమైన అడ్డంకి లేదన్నమాట. బల్ల దగ్గర అందరూ తెలుగులో మాట్లాడుతూ నియమం కోసం మాత్రం ఇంగ్లీషు పుస్తకం తిరగేయడం ఆట ఊపును దెబ్బతీస్తుంది. ఈ పని ఎవరైనా శ్రద్ధగా చేయడం ఎంతైనా అవసరం.

కంప్యూటర్ పనిముట్లలో అన్నిటికన్నా ఎక్కువ వాడుకలో ఉన్నవి దూరాన ఉన్నవారిని కలిపేవి. రోల్‌20 అనే సైట్ 2012లో మొదలైంది. బ్రౌజర్‌లోనే పటం, డైస్, పాత్రల పట్టీలు ఉంటాయి. 2020లో వచ్చిన ఫౌండ్రీని గేమ్ మాస్టర్ ఒకసారి కొనుక్కుని తన కంప్యూటర్ మీద నడుపుకోవచ్చు. నేర్చుకోవడానికి సమయం పడుతుంది, కానీ చేయగలిగేది ఎక్కువ. పటం మీద గుర్తులు కదిపితే చాలనుకునేవారికి ఔల్‌బేర్ రోడియో తేలిక. కృష్ణానగర్‌లో ఒకరు, న్యూజెర్సీలో ఇద్దరు కలిసి ఆడాలంటే ఇవి తప్పవు. అక్కడికీ ఇక్కడికీ తేడా వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, శీతకాలంలో పదిన్నర. కాబట్టి ఇక్కడి ఆదివారం ఉదయం అక్కడి శనివారం రాత్రికి కుదురుతుంది.

నోట్సు కోసం అబ్సిడియన్ వంటి సాఫ్ట్‌వేర్‌కు మంచి పేరుంది. యాదగిరి పేజీ నుంచి ఎడిటింగ్ గది పేజీకి, అక్కడి నుంచి గోడౌన్ పేజీకి లంకెలు వేసుకోవచ్చు. ఏడాదిపాటు సాగే పెద్ద కథకు ఇది చాలా మేలు చేస్తుంది. ఒక్క రాత్రి ఆటకు కార్డులే నయం. సాఫ్ట్‌వేర్ అమర్చుకోవడంలో గడిచిన గంటలు సన్నాహంలా కనిపిస్తాయి. ఆటగాళ్ల దగ్గరికి మాత్రం వాటిలోంచి ఏమీ చేరదు. సంగీతం విషయమూ అంతే. వానచప్పుడు, ట్రాఫిక్ రొద, రెండు మూడు ట్రాకులు ఫోన్‌లో ఉంటే సరిపోతుంది.

వస్తువు కాకపోయినా సరంజామాలో మొదటి వరసలో ఉండవలసింది ఆటకు ముందు జరిపే ముచ్చట. సెషన్ జీరో అంటారు దాన్ని. ఎలాంటి కథ, ఎంత భయం, ఎంత హింస, ఏ విషయాలు అసలు ముట్టుకోకూడదు అని అందరూ కూర్చుని తేల్చుకుంటారు. జీతాలు ఎగ్గొట్టడం, అవకాశాల పేరిట మోసం చేయడం వంటివి కథలో వస్తుంటే ఇది మరీ అవసరం. బల్ల చుట్టూ ఉన్నవాళ్లలో ఎవరికైనా అది సొంత అనుభవమై ఉండవచ్చు. జాన్ స్టావ్రోపౌలోస్ రూపొందించిన ఎక్స్-కార్డు ఇందుకు సులువైన సాధనం. బల్ల మీద ఇంటూ గుర్తు వేసిన ఒక కార్డు ఉంటుంది. ఎవరు దాన్ని ముట్టుకున్నా కారణం అడగకుండా ఆ విషయం వదిలేసి ముందుకు సాగుతారు.

ఇక మిగిలింది సెషన్ ముగిశాక చేసే పని. ఆటగాళ్లు వెళ్లిన వెంటనే, జ్ఞాపకం పచ్చిగా ఉన్నప్పుడే, కంటిన్యుటీ రాసినట్టు పది వరసలు రాసిపెట్టుకోవాలి: ఎవరికి ఏ మాట ఇచ్చారు, ఏ రహస్యం బయటపడింది, ఏది పడలేదు, గడియారంలో ఎన్ని ముక్కలు నిండాయి, ఎవరి దగ్గర ఏ వస్తువు ఉంది. యాదగిరి కొడుక్కి వేషం ఇప్పిస్తామని మాట ఇచ్చి ఉంటే అది తప్పకుండా ఆ పది వరసల్లో ఉండాలి. వచ్చే ఆదివారం మొదటి కార్డు అదే కావచ్చు. బయటపడని రహస్యాలను కొత్త జాబితాలోకి ఎత్తి రాసుకుని, వాడిన పేర్లు కొట్టేసి, వాటి స్థానంలో కొత్తవి చేర్చితే తర్వాతి సెషన్ సన్నాహంలో సగం పూర్తయినట్టే.